కెండో నేర్చుకునేవారికి తొలి ఏడాది దారి: ముందు ఎడమ చేయి, ఎడమ కాలు

కుడిచేతి వాటం ఉన్నవారిని జపాన్ కత్తి విద్య కెండో మొదట్లో బాగా తికమక పెడుతుంది. షినాయ్ అనే వెదురు కత్తి అందుకోగానే బలమంతా కుడి చేతిలోకి చేరుతుంది. కుడి పాదం ముందు ఉంటుంది కాబట్టి బరువు కూడా దాని మీదకే పోతుంది. అసలు పని మాత్రం ఎడమ వైపుది. కత్తిని పైకెత్తి దించేది ఎడమ చేయి, ఒంటిని ముందుకు తోసేది ఎడమ కాలు. తొలి ఏడాదిలో గురువు చేసే సవరణల్లో చాలా భాగం ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరుగుతాయి. దీన్ని ముందే మనసులో పెట్టుకుంటే ఏ దశలో దేని మీద దృష్టి పెట్టాలో, దేన్ని తర్వాత చూసుకోవచ్చో తేలికగా తెలుస్తుంది.

## ఏ విద్య కావాలో ముందు తేల్చుకోండి

జపాన్ కత్తి విద్యలు చాలా ఉన్నాయి. కెండోలో తలకు, చేతులకు, పొట్టకు, నడుముకు కవచం కట్టుకుని ఎదుటి మనిషిని వెదురు కత్తితో నిజంగానే కొడతారు. ఇయాయిదోలో ఎదురుగా ఎవరూ ఉండరు. ఒరలోంచి కత్తి దూయడం, నరకడం, తిరిగి ఒరలో పెట్టడం ఒంటరిగా, నిర్ణీత వరుసలో సాధన చేస్తారు. వీటికంటే పాత సంప్రదాయాలు కూడా కొన్ని బతికి ఉన్నాయి. వాటిలో ఇద్దరు కలిసి చెక్క కత్తులతో, ముందే నిర్ణయించిన వరుసలను సాధన చేయడమే ఎక్కువ.

చెమటోడ్చి, గట్టిగా అరుస్తూ, దెబ్బ కొడుతూ, దెబ్బ తింటూ నేర్చుకోవాలని ఉంటే కెండోకు వెళ్లండి. కదలికలోని నేర్పు, కత్తి తీరు మీద ఆసక్తి ఉంటే ఇయాయిదో నచ్చుతుంది. రెండూ ఒకేసారి మొదలుపెట్టవద్దనేది నా గట్టి అభిప్రాయం. ఒకదానిలో నడక, పట్టు కుదరకముందే రెండోది కలిపితే రెండూ చెడతాయి.

కర్రసాము, కత్తిసాము చేసిన అలవాటు ఉన్నవారికి దూరం అంచనా వేయడం త్వరగా వస్తుంది. కానీ కర్రను తిప్పే అలవాటును గుమ్మం బయటే వదిలి రావాలి. కెండోలో షినాయ్ తిరగదు. పైకి లేస్తుంది, దిగుతుంది, అంతే.

ఈ కవచం, వెదురు కత్తి పద్ధతి 18వ శతాబ్దంలో స్థిరపడింది. జికిషిన్‌కగె సంప్రదాయానికి చెందిన నగనుమ కునిసాతో, తర్వాత ఇత్తో సంప్రదాయానికి చెందిన నకనిషి త్సుగుతాకె దీన్ని మెరుగుపరిచారు. చెక్క కత్తితో పూర్తి బలంగా కొడితే ఎముకలు విరుగుతాయి, చేయి బిగబట్టి కొడితే విద్య రాదు. ఈ ఇబ్బందికి పరిష్కారంగా వచ్చిందే నేటి కెండో. అందుకే వెదురుతో కొట్టినా దాన్ని పదునైన కత్తిగానే లెక్కిస్తారు. షినాయ్ పక్క భాగంతో తగిలిన దెబ్బ ఎంత గట్టిగా మోగినా పాయింటు రాదు.

## కత్తి కొనకముందే గురువును చూసుకోండి

కెండో ఒంటరిగా నేర్చుకునే విద్య కాదు. వీడియోలు చూసి మేడ మీద నెలల తరబడి సాధన చేసి వచ్చినవారికి కుడి చేతి బలం బాగా పాతుకుపోయి ఉంటుంది. దాన్ని వదిలించడానికి, ఏమీ తెలియకుండా వచ్చినవారికి నేర్పడం కంటే ఎక్కువ సమయం పడుతుంది.

మన తెలుగు ఊళ్లలో కెండో బృందాలు అరుదు. దేశంలో పెద్ద నగరాల్లోనే వెతకాలి. అమెరికాలో చదువుకుంటున్నవారికి, ఉద్యోగం చేస్తున్నవారికి ఇది కొంత సులువు, అక్కడ చాలా విశ్వవిద్యాలయాల్లో కెండో క్లబ్బులు ఉంటాయి. జపాన్‌లో ఉన్నవారి అదృష్టం చెప్పనక్కర్లేదు. నగరపాలక వ్యాయామశాలల్లోనే పెద్దవాళ్లకూ తరగతులు నడుస్తుంటాయి.

దోజో, అంటే సాధన చేసే చోటు, దొరికితే చేరే ముందు ఒక తరగతిని పక్కన కూర్చుని చూడండి. గురువుకు ఏ డాన్, అంటే ఏ స్థాయి పట్టా, ఉంది, ఎవరు ఇచ్చారు అని మర్యాదగా అడగండి. 1970లో ఏర్పడిన అంతర్జాతీయ కెండో సమాఖ్య కింద ఒక్కో దేశానికి ఒక గుర్తింపు పొందిన సంఘం ఉంటుంది. మీ గురువు డాన్ ఆ వరుసలోనిదైతే రేపు మీరు రాసే పరీక్ష మరో దేశంలోనూ చెల్లుతుంది. 'పదో డాన్ గ్రాండ్‌మాస్టర్' అని బోర్డు కట్టుకున్నవారు కనిపిస్తే వెనక్కి తిరిగి రండి. అఖిల జపాన్ కెండో సమాఖ్య ఇప్పుడు ఇస్తున్న అత్యున్నత డాన్ ఎనిమిదోది. దానికి కూడా 46 ఏళ్లు నిండాలి, ఏడో డాన్ వచ్చి 10 ఏళ్లు గడవాలి. అంత చేసినా పరీక్షలో గెలిచేది నూటికి ఒకరు, అటూ ఇటూగా.

ఇంకొకటి గమనించండి. కొత్తవాళ్లను పెద్దవాళ్లు ఎలా చూస్తున్నారు? మోచేతి మీద, చంక కింద వాత తేలేలా కొట్టి నవ్వుకునే చోట చేరకండి. తలకు బాగా కొట్టిన దెబ్బ, అంటే మెన్, చప్పుడు చేస్తుంది, నొప్పి పెట్టదు.

## మొదటి రోజు

వదులైన ప్యాంటు, పొడుగు చేతుల టీషర్టు చాలు. ఏమీ కొనకండి, షినాయ్ దోజోలోనే ఇస్తారు. చేతి గోళ్లు, కాలి గోళ్లు కత్తిరించుకుని వెళ్లండి. ఉంగరాలు, గొలుసు, గాజులు, చెవి కమ్మలు తీసేయాలి. సాధనంతా చెక్క నేల మీద వట్టి కాళ్లతో జరుగుతుంది, పాదాలు నేల మీద రాసుకుంటూ జారతాయి. కాబట్టి మెట్టెలు పెట్టుకునేవారు వాటిని కూడా తీసి వెళ్లాలి. మెట్టె పలక సందులో ఇరుక్కుంటే వేలు చిట్లుతుంది.

గుమ్మం దాటుతూ వంగి నమస్కరించాలి. కూర్చునే భంగిమ సెయిజా, మన వజ్రాసనమే అనుకోవచ్చు. అది అలవాటున్న తెలుగువాళ్లు ఇక్కడ మార్కులు కొట్టేస్తారు, పాశ్చాత్యులు పది నిమిషాలకే పక్కకు ఒరిగిపోతారు. కూర్చునేటప్పుడు ముందు ఎడమ మోకాలు ఆనించాలి, లేచేటప్పుడు ముందు కుడి పాదం మోపాలి. హకమ అనే కుచ్చుళ్ల లాగు తొడిగేటప్పుడు కూడా ముందు ఎడమ కాలే, కొతె అనే చేతి తొడుగుల్లో ముందు వేసుకునేది ఎడమదే. నేల మీద ఉన్న షినాయ్‌ను దాటకూడదు, చేతికర్రలా దాని మీద ఆనుకోకూడదు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే మనకు ఈ పద్ధతి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

గురువును 'సెన్సెయ్' అని పిలవండి. సాధనకు ముందు 'ఒనెగాయ్ షిమాస్', అయ్యాక 'అరిగాతో గొజాయ్‌మషిత' అనాలి. మొదటి రోజుకు ఈ జపనీస్ చాలు.

## పాదాలు

ఓపిక ఎక్కువ కావలసింది ఇక్కడే. కుడి పాదం ముందు, ఎడమ పాదం వెనుక. ఎడమ కాలి వేళ్లు కుడి మడమ గీతకు సమానంగా ఉండాలి. రెండు పాదాల మధ్య అడ్డంగా ఒక పిడికిలి ఎడం. రెండూ నేరుగా ముందుకే చూడాలి. ఎడమ మడమ కొద్దిగా లేచి ఉండాలి. కుడి మడమ కింద ఒక కాగితం దూరేంత సందు ఉంటే చాలు. బరువు రెండింటి మీదా సమానం. ఎడమ మోకాలు బిర్రబిగియకూడదు, వంగిపోకూడదు.

ఈ నిలబడటం ఒక్క నిమిషం తేలికే. రెండో నిమిషంలో ఎడమ పాదం మెల్లగా బయటి వైపు తిరగడం మొదలుపెడుతుంది. అది ఒంటికి సుఖం కాబట్టి మీకు తెలియకుండానే జరిగిపోతుంది. పాదం అలా తిరిగితే ఎడమ తుంటి వెనక్కి పోతుంది, తుంటి పోతే భుజం పోతుంది, చివరికి కత్తి గీత వంకర అవుతుంది. దెబ్బ పక్కకు పోతోందని గురువుతో చెబితే ఆయన చేతులు చూడకుండా ముందు కాళ్లు చూస్తాడు. కారణం ఇదే.

నడక పేరు ఒకురి-అషి. ముందుకు వెళ్లాలంటే కుడి పాదం జారుతుంది, ఎడమ పాదం వెంటనే వచ్చి పాత దూరానికి చేరుతుంది. వెనక్కి అయితే ముందు ఎడమ. కుడి వైపుకు కుడి పాదం, ఎడమ వైపుకు ఎడమ పాదం ముందు కదులుతాయి. ఎటు వెళ్తున్నా ఎడమ పాదం కుడిదాన్ని దాటకూడదు. పాదం నేల మీద నుంచి లేవకూడదు, తల పైకీ కిందికీ ఊగకూడదు.

ఇంట్లో సాధన ఇలా చేయండి. గచ్చు మీద పలకల గీత ఒకటి ఎంచుకోండి. గీతకు చెరో వైపు ఒక్కో పాదం పెట్టండి. చేతులు నడుము మీద ఉంచి గది చివరి దాకా ముందుకు వెళ్లండి, అలాగే వెనక్కి రండి. కిందికి చూడకండి. చివరికి చేరాక ఆగి ఎడమ పాదం ఎటు చూస్తోందో అప్పుడు చూసుకోండి. రోజూ పది నిమిషాలు ఇది చేస్తే చాలు, షినాయ్ ముట్టుకోకపోయినా తరగతిలో తేడా కనిపిస్తుంది. ముందుకు వెళ్లేటప్పుడు కుడి కాలుతో లాక్కోకండి, ఎడమ మునిపాదంతో నేలను వెనక్కి తోయండి. ఈ తోపు కుదిరిన రోజున పిక్కలో నొప్పి తెలుస్తుంది. ఎడమ పిక్కలో నొప్పి ఉంటే దారిలో ఉన్నట్టు, కుడి తొడలో ఉంటే ఇంకా లాక్కుంటున్నట్టు.

కుడి పాదాన్ని నేలకు గట్టిగా మోదుతూ దూకే ఫుమికోమి అనే అడుగు చూడటానికి ఆకర్షణగా ఉంటుంది. దాన్ని తొందరపడి ఇంట్లో ప్రయత్నించకండి. మడమతో మోదితే వారాల తరబడి కుంటాలి. పాదం మొత్తం ఒకేసారి, బల్లపరుపుగా దిగాలి. అది గురువు కళ్ల ముందు, కింద ఖాళీ ఉండి కొద్దిగా సాగే చెక్క నేల మీద నేర్చుకోవలసినది. సిమెంటు, టైల్స్ దానికి పనికిరావు.

## పట్టు, సుబురి

ఎడమ చేతి చిటికెన వేలు పిడి చివరన ఉండాలి. చిటికెన, ఉంగరపు వేళ్లు గట్టిగా, మధ్య వేలు కొంచెం, చూపుడు వేలు, బొటనవేలు వదులుగా. కుడి చేయి పైన, త్సుబా అనే గుండ్రటి చేతిరక్షకు కాస్త కింద. పై నుంచి చూస్తే రెండు చేతుల బొటన, చూపుడు వేళ్ల మధ్య చీలిక పిడి మీది కుట్టు గీత మీదకు రావాలి. ఎడమ పిడికిలి బొడ్డు ముందు, పొట్టకు ఒక పిడికిలి దూరంలో ఉంటుంది. కత్తి కొన ఎదుటివారి గొంతును చూస్తుంది. దీన్ని చూదన్ అంటారు. మిగతా భంగిమలు ఉన్నాయి గాని తొలి ఏళ్లలో వాటి జోలికి వెళ్లకండి.

సుబురి అంటే గాలిలో కొట్టే సాధన. రెండు చేతులూ పైకెత్తినప్పుడు ఎడమ పిడికిలి నుదుటికి పైన ఉండాలి. చేతుల మధ్య నుంచి ఎదుటి మనిషి కనబడాలి. దించినప్పుడు కుడి చేయి భుజం ఎత్తులో, ఎడమ పిడికిలి రొమ్ము కింది గుంట ఎత్తులో ఆగాలి. ఆగే ఆ క్షణంలోనే రెండు చేతులూ తడిగుడ్డ పిండినట్టు లోపలికి బిగించి, వెంటనే వదులు చేయాలి. బిగింపు ముందే వస్తే కత్తి నెమ్మదిస్తుంది, ఆలస్యమైతే కొన కిందికి వేలాడుతుంది.

కుడి చేయి పెత్తనం చేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. కుడి చేతిని నడుము మీద పెట్టి ఎడమ చేత్తోనే పది సార్లు నెమ్మదిగా కొట్టండి. తర్వాత కుడి చేతిని రెండు వేళ్లతో మాత్రమే ఆనించి పది సార్లు. అప్పుడు రెండు చేతులతో మామూలుగా కొట్టండి. షినాయ్ ఉన్నట్టుండి తేలికైనట్టు అనిపిస్తే ఇంతకాలం కుడి చేయి బ్రేకు వేస్తోందన్నమాట. అద్దం ముందు చేస్తే ఇంకా మంచిది. కత్తి ముక్కు గీత మీదుగా లేచి అదే గీత మీద దిగుతోందా అన్నది కనబడుతుంది.

సంఖ్య మీద మోజు వద్దు. వెయ్యి సుబురులు చేశామని చెప్పుకునేవారు ఉంటారు. భుజాలు పైకి బిగుసుకున్నాక కొట్టినవన్నీ తప్పును బలపరచడానికే పనికొస్తాయి. రోజుకు యాభై, ఒక్కొక్కటీ ఆగి చూసుకుంటూ చేయండి. ఇంట్లో పైకప్పు, ఫ్యాను సంగతి మరవకండి. షినాయ్ దొరక్కపోతే చేతులు పట్టుకున్నట్టు ఉంచి కూడా చేయవచ్చు.

## గొంతు

అరవడానికి సిగ్గుపడేవారే ఎక్కువ. నలుగురిలో గొంతెత్తడం మర్యాద కాదని మనకు చిన్నప్పటి నుంచి చెబుతారు కదా. కానీ కెండోలో గొంతు లేని దెబ్బకు పాయింటు లేదు. తలకు కొడితే 'మెన్', ముంజేతికి కొడితే 'కొతె', పొట్ట పక్కన కొడితే 'దో' అని అరుస్తూ కొట్టాలి. గొంతుకు పొడిచే 'త్సుకి' కొత్తవాళ్ల పని కాదు. కత్తి, కాలు, గొంతు మూడూ ఒకే క్షణంలో పడాలి. ఆ తర్వాత కూడా పని అయిపోలేదు, ఎదుటి మనిషిని దాటి వెళ్లి తిరిగి కత్తి కొన అతని మీదే నిలపాలి. దీన్ని జన్షిన్ అంటారు. పోటీలో పాయింటు వచ్చిందని పిడికిలి ఎగరేసి సంబరపడితే న్యాయనిర్ణేతలు ఆ పాయింటును వెనక్కి తీసుకోవచ్చు. క్రికెట్టు చూసి పెరిగినవారికి ఇది కాస్త కష్టమైన నియమం.

## షినాయ్‌ను చూసుకోవడం

కొన్ని వారాల తర్వాత సొంత షినాయ్ కొనండి. పెద్దవాళ్లు వాడేది 39వ నంబరు, పొడవు 120 సెంటీమీటర్లకు మించకూడదు. పోటీ నియమాల ప్రకారం త్సుబా కాకుండా కనీస బరువు పురుషులకు 510 గ్రాములు, స్త్రీలకు 440 గ్రాములు. బరువైనది కొంటే చేయి బలపడుతుందన్న మాట నమ్మకండి. కొత్తవారి కుడి చేతికి అది కొత్త సాకు, అంతే.

షినాయ్‌లో నాలుగు వెదురు బద్దలు ఉంటాయి. కొన మీద సకిగావా అనే తోలు తొడుగు, పిడికి మరో తోలు తొడుగు, రెండింటినీ కలిపి లాగి ఉంచే త్సురు అనే తాడు, కొన నుంచి పొడవులో నాలుగో వంతు దూరంలో నకాయుయి అనే తోలు ముడి. తాడు ఉన్న వైపు కత్తి వీపు, దానికి ఎదురు వైపు పదును.

ప్రతి సాధనకు ముందు ఇలా పరీక్షించండి. వెలుతురు వైపు పట్టుకుని నాలుగు బద్దల అంచులనూ ఒక పాత గుడ్డతో కొన దాకా తుడవండి. గుడ్డ ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ పీచు లేచిందని అర్థం. వట్టి వేలితో తడమకండి, వెదురు పుల్ల గోటి కిందికి దిగుతుంది. తర్వాత బద్దలను మెల్లగా పిండి మధ్యలో పగులు ఉందేమో చూడండి. నకాయుయిని తిప్పండి, అది కదిలితే విప్పి మళ్లీ బిగించాలి. సకిగావా చిరుగు ఉంటే ఆ షినాయ్‌ను ఆ రోజుకు పక్కన పెట్టాలి. ఇంత పట్టుదల ఎందుకంటే, ముఖ కవచానికి ముందు ఉండేది ఇనుప కడ్డీల జాలీ. విరిగిన వెదురు పుల్ల ఆ కడ్డీల మధ్య నుంచి దూరి కంటికి తగలగలదు. మీ షినాయ్ పరీక్ష మీ కోసం కాదు, ఎదుటివారి కంటి కోసం.

పీచు చిన్నదైతే షినాయ్ విప్పి, అంచును కత్తితో కాస్త గీకి గరుకు కాగితంతో నునుపు చేయండి. పగిలిన బద్దకు టేపు చుట్టి వాడకూడదు, మార్చాల్సిందే. మన ఎండల్లో ఇంకో జాగ్రత్త అవసరం. మే నెలలో కారు డిక్కీలో వదిలేసిన వెదురు ఎండిపోయి త్వరగా చిట్లుతుంది. నీడలో ఉంచి, అప్పుడప్పుడు పలుచగా నూనె రాసి, గుడ్డతో తుడిచి ఆరనివ్వండి.

## కవచం దశ

నెలలు గడిచాక, నడక, సుబురి కుదిరాయని గురువు అనుకున్నప్పుడు బోగు అనే కవచం కట్టుకోమంటారు. నడుముకు తారె, ఛాతీకి దో, తలకు మెన్, చేతులకు కొతె. మీకు తొందరగా ఉన్నా అడగకండి. ఖరీదైన వస్తువు కాబట్టి మొదట దోజోలోది అరువు తీసుకోండి. కొనేటప్పుడు మెన్ మాత్రం తలకు సరిపోయి తీరాలి. గడ్డం దాని గుంటలో కూర్చోవాలి, కళ్లు కడ్డీల మధ్య వెడల్పుగా ఉన్న సందుకు ఎదురుగా రావాలి. ఆ సందు తప్పితే తల పైకెత్తో దించో చూడటం అలవాటై నిలబడే తీరే పాడవుతుంది. మెన్ తాళ్ల కొసలు ముడి నుంచి 40 సెంటీమీటర్లు దాటకూడదు. కళ్లద్దాలు వాడేవారు మెన్ లోపల పట్టే ప్రత్యేకమైన అద్దాలు అడగండి.

మొదటిసారి మెన్ కట్టుకున్నప్పుడు ఊపిరాడనట్టు, చెవులు మూసుకుపోయినట్టు ఉంటుంది. కొందరికి గాభరా కూడా కలుగుతుంది. చేయి పైకెత్తి పక్కకు వెళ్లి కూర్చోవడంలో నామోషీ ఏమీ లేదు. వేసవిలో సాధనకు ముందే నీళ్లు బాగా తాగి ఉండాలి, మెన్ కట్టాక తాగడం కుదరదు. తల తిరిగినా, చెమట ఆగిపోయినా, వాంతి వచ్చేలా ఉన్నా వెంటనే చెప్పండి. ఓర్పు చూపించాల్సిన చోటు ఇది కాదు.

ఈ దశలో ఎక్కువగా చేయించేది కిరికాఎషి. తల మధ్యలో ఒక దెబ్బ, ఆపై తలకు చెరో పక్కన ముందుకు వెళ్తూ నాలుగు, వెనక్కి వస్తూ అయిదు, మళ్లీ మధ్యలో ఒకటి. ఇదంతా మరోసారి. వెనక్కి వచ్చేటప్పుడే ఎడమ మడమ నేలకు దిగిపోతుంది, గొంతు ఆగిపోతుంది. వేగం తగ్గించి అయినా సరే ఆ రెండింటినీ కాపాడుకోండి. గురువు ఎదుట నిలబడి తల ఇస్తున్నప్పుడు గెలవాలని చూడకండి. దెబ్బ తప్పించుకునే తెలివి ఇప్పుడే వస్తే కొట్టే ధైర్యం ఇక రాదు.

నీలిమందు రంగు వేసిన కెయికోగి అనే సాధన చొక్కా చర్మానికి, మెడకు నీలం అంటిస్తుంది. విడిగా, చన్నీటిలో ఉతకండి. కొతె, మెన్ లోపలి చెమటను పొడి గుడ్డతో తుడిచి నీడలో గాలికి ఆరబెట్టకపోతే వాటి వాసన ఇంట్లోవాళ్లు భరించలేరు.

## ఒంటి నొప్పులు

ఎడమ పాదం కింద చర్మం లేవడం, ఎడమ అరచేతిలో చిటికెన వేలి కింద బొబ్బ రావడం మామూలే. శుభ్రంగా కడిగి టేపు చుట్టుకుని సాధన కొనసాగించవచ్చు. కుడి అరచేతిలో బొబ్బలు వస్తుంటే పట్టు తప్పని గుర్తు. పిక్క నుంచి మడమకు దిగే స్నాయువు విషయం వేరు, ముఖ్యంగా ఎడమ కాలిది. ముప్పై అయిదు దాటాక కొత్తగా చేరినవారు ప్రతి తరగతికి ముందూ వెనుకా పిక్కలు సాగదీయాలి. ఉదయం మంచం దిగగానే అక్కడ నొప్పి ఉంటే దూకే సాధనలు ఆపి డాక్టరును కలవండి. ఆ స్నాయువు తెగితే కోలుకోవడానికి నెలలు పడుతుంది.

## మొదటి పరీక్ష

ముందు క్యూ అనే ప్రారంభ స్థాయిలు, ఆపై డాన్లు. అఖిల జపాన్ సమాఖ్య నియమం ప్రకారం మొదటి డాన్‌కు మొదటి క్యూ వచ్చి ఉండాలి, 13 ఏళ్లు నిండాలి. రెండో డాన్‌కు మరో ఏడాది, మూడోదానికి ఆపై రెండేళ్లు ఆగాలి. పరీక్షలో రెండు చిన్న పోరాటాలు, చెక్క కత్తితో కాతా అనే నిర్ణీత వరుసలు, రాత పరీక్ష ఉంటాయి. కాతాలు 1912లో స్థిరపరిచినవి, మొత్తం పది. పెద్ద కత్తితో ఏడు, చిన్న కత్తితో మూడు. మొదటి డాన్‌కు ఎన్ని చూపించాలో మీ దేశపు సంఘాన్ని అడిగి తెలుసుకోండి, చాలా చోట్ల తొలి మూడు అడుగుతారు.

పోరాటంలో ఎన్ని దెబ్బలు తగిలాయన్నది పరీక్షకులు లెక్కపెట్టరు. వంగి నమస్కరించడం, మూడు అడుగులు వేసి కత్తి తీయడం, సొంక్యోలో, అంటే మునివేళ్ల మీద గొంతుక్కూర్చునే భంగిమలో, నిటారుగా కూర్చోవడం, పెద్ద గొంతుతో నేరుగా వెళ్లి కొట్టిన రెండు మూడు మెన్ దెబ్బలు చూస్తారు. వెనుక వైపు కూర్చున్న పరీక్షకుడికి మీ ఎడమ మడమ కూడా కనబడుతుంది. పరీక్ష ముందు నెలలో కొత్త ఎత్తులు నేర్చుకోవద్దు. కెయికోగి వీపు దగ్గర ఉబ్బకుండా లాగి కట్టుకోవడం, హకమ ముందు కుచ్చుళ్లు అయిదూ నిలబెట్టడం, మెన్ తాళ్లు సమానంగా వచ్చేలా ముడి వేయడం ఇంట్లోనే అలవాటు చేసుకోండి. షినాయ్‌లు రెండు తీసుకెళ్లండి. ఒకటి పగిలితే పక్కవారిని అడుక్కునే అవసరం రాదు.